40 ఎరిడాని: వైట్ డ్వార్ఫ్ దొరికింది, పక్కనున్న రెడ్ డ్వార్ఫ్ మాత్రం కనబడట్లేదు

చుక్కలపిచ్చి:

నా దగ్గర 130 ఎంఎం రిఫ్లెక్టర్ ఉంది, ఫోకల్ లెంగ్త్ 650. ఐపీస్‌లు డబ్బాలో వచ్చినవే, 25, 10. శని, గురుడు, ఓరియన్ నెబ్యులా చూడటం అయిపోయింది, ఇప్పుడు చచ్చిపోయిన నక్షత్రం ఒక్కటైనా కళ్ళారా చూడాలని పట్టుకుంది. సిరియస్ పక్కనున్న వైట్ డ్వార్ఫ్ (మంట ఆగిపోయిన నక్షత్రంలో మిగిలిన ముద్ద) మన సైజు టెలిస్కోప్‌కి లొంగదు, 40 ఎరిడాని అనే మూడు నక్షత్రాల గుంపు చూడు, అక్కడ వైట్ డ్వార్ఫ్, రెడ్ డ్వార్ఫ్ (చిన్న ఎర్ర నక్షత్రం) రెండూ పక్కపక్కనే ఉంటాయి అని ఎవరో చెప్పారు. మాది నంద్యాల దగ్గర పల్లెటూరు, కరెంటు పోయిందంటే ఆకాశం బ్రహ్మాండంగా ఉంటుంది.

రీగెల్ నుంచి వెతుక్కుంటూ వెళ్తే ఆరెంజ్ రంగు నక్షత్రం ఒకటి తగిలింది, దానికి కాస్త ఎడంగా చిన్న తెల్ల చుక్క ఉంది. వైట్ డ్వార్ఫ్ అదేనా? రెడ్ డ్వార్ఫ్ జాడ మాత్రం లేదు, 10 ఐపీస్ పెట్టినా లేదు.

ఇంకో సంగతి, చదివిన కొద్దీ బుర్ర వేడెక్కుతోంది. వైట్ డ్వార్ఫ్ అంటే దాదాపు భూమి అంత. రెడ్ డ్వార్ఫ్ దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, పైగా ఇంకా మండుతున్న నక్షత్రం. మరి చచ్చిందే బాగా వెలుగుతూ, బతికున్నది మసకగా ఉండటమేంటి? రెండూ కలిసే పుట్టాయంటారు, ఒకటి పోయి ఇంకోటి మిగలడమేంటి? వైట్ డ్వార్ఫ్ పక్క నక్షత్రాన్ని లాక్కుని పేలుతుందని కూడా ఎక్కడో చదివాను, ఇక్కడ కూడా అలా జరుగుతుందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

అనంతపురం_డాబ్:

అన్నా, నువ్వు చూసింది వైట్ డ్వార్ఫే, డౌట్ అక్కర్లేదు. ఆరెంజ్ నక్షత్రం 40 ఎరిడాని ఎ, మాగ్నిట్యూడ్ 4.4 (వెలుగు కొలత ఇది, అంకె పెరిగితే మసక అని). దానికి తూర్పుగా 83 ఆర్క్ సెకన్ల (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) దూరంలో ఉన్నది బి, మాగ్నిట్యూడ్ 9.5. ఖాయం చేసుకోవాలంటే ట్యూబు ముట్టుకోకుండా వదిలెయ్, చుక్కలన్నీ పడమరకి జారిపోతుంటాయి, అప్పుడు ఆరెంజ్‌ది ముందు పోవాలి, తెల్లది దాని వెనక రావాలి. రిఫ్లెక్టర్‌లో బొమ్మ తిరగబడి ఉంటుంది కాబట్టి దిక్కులు తెలుసుకోడానికి నేనెప్పుడూ ఇదే చేస్తాను. పక్కనే ఒక డిగ్రీకి కాస్త పైన దూరంలో ఓమిక్రాన్-1 అని దాదాపు అంతే వెలుగున్న ఇంకో నక్షత్రం ఉంటుంది, కొత్తవాళ్ళు దాని మీద పెట్టి ఏమీ లేదే అని తిట్టుకుంటారు. నీకు ఆరెంజ్ రంగు తెలిసింది కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక సి, అంటే రెడ్ డ్వార్ఫ్. మాగ్నిట్యూడ్ 11.2, బి నుంచి దూరం 8 ఆర్క్ సెకన్ల పైచిలుకు. 130 ఎంఎం అద్దానికి ఇది అందే వెలుగే, కానీ నీ 10 ఐపీస్‌తో 65 రెట్లే వస్తోంది, చాలదు. 2 ఎక్స్ బార్లో (ఐపీస్‌కి ముందు పెట్టే, రెట్లు రెండింతలు చేసే లెన్స్) ఒకటి కొనుక్కో, 130 రెట్లు వస్తుంది, వెనకాల ఆకాశం కూడా నల్లబడుతుంది, అప్పుడు చిన్న చుక్క తేలుతుంది. ఎ ని ఐపీస్‌లో కనబడే మేర బయటికి తోసెయ్, దాని వెలుగు కంట్లో పడుతున్నంతసేపూ సి కనబడదు. బి మీద నేరుగా చూపు పెట్టకుండా కొంచెం పక్కకి చూడు, సి బి కి ఉత్తరం వైపు అంటుకున్నట్టు ఉంటుంది. ఒక క్షణం కనబడి మాయమవుతుంది, మళ్ళీ కనబడుతుంది, అదే చోట కనబడితే అదే.

చంద్రుడు లేని రోజు చూసుకో. టెలిస్కోప్ ఆరుబయట పెట్టాక అద్దం చల్లబడేదాకా ఆగు, అరగంట పైనే పడుతుంది, ఇంట్లోంచి తెచ్చి వెంటనే చూస్తే చుక్కలు ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. జనవరి నడిమికి రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో బాగా ఎత్తులో ఉంటుంది. కాలిమేషన్, అంటే అద్దాలు ఒకే వరసలో సరిగ్గా కూర్చున్నాయా అన్నది, ఎప్పుడు చూసుకున్నావు? దాని సంగతి చెప్పు ముందు.

జెర్సీ_చలి:

మీ అదృష్టం మీకు తెలియట్లేదు. నంద్యాలలో అది దక్షిణాన 67 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, ఇక్కడ న్యూజెర్సీలో 42 దాటదు, అది కూడా జనవరి చలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే చూడాలి. అంత ఎత్తులో ఉంటే గాలి పొర పల్చగా ఉంటుంది కాబట్టి మీకు 11.2 కచ్చితంగా అందాలి.

సిరియస్ సంగతి కూడా కరెక్టే. సిరియస్ బి అసలు 40 ఎరిడాని బి కంటే వెలుగైనదే, 8.4. కానీ పక్కనున్న సిరియస్ దానికి పదివేల రెట్లు వెలుగు, మధ్య దూరం చూస్తే 11 ఆర్క్ సెకన్లు. ఇక్కడ తేడా వంద రెట్లే, దూరం 83. చిన్న టెలిస్కోప్‌లో సులువుగా కనిపించే వైట్ డ్వార్ఫ్ అంటే నా దృష్టిలో ఇదొక్కటే.

లెక్కల_మాస్టారు:

వెలుగు సంగతి లెక్క వేసుకుంటే విడిపోతుంది, బుర్ర వేడెక్కించుకోనక్కర్లేదు నాయనా.

నక్షత్రం మొత్తం వెలుగు రెండింటి మీద ఆధారపడుతుంది, ఉపరితలం ఎంత, అది ఎంత వేడిగా ఉంది. ఉపరితలం వ్యాసార్థానికి వర్గంలో పెరుగుతుంది, వేడి అయితే నాలుగో ఘాతంలో లాగుతుంది. ఇక్కడ బి వ్యాసార్థం సూర్యుడిలో 0.013 వంతు, అంటే సుమారు 9 వేల కిలోమీటర్లు, భూమికి ఒకటిన్నర రెట్లకి కాస్త తక్కువ. సి వ్యాసార్థం సూర్యుడిలో పావు వంతుకి కొంచెం పైన. అంటే సి అడ్డంగా 20 రెట్లు పెద్దది, ఉపరితలం 400 రెట్ల పైన. ఇంతవరకు నువ్వన్నది నిజమే. ఇప్పుడు వేడి చూడు. బి సుమారు 17,000 కెల్విన్‌లు, సి 3,100 ప్రాంతం. అయిదున్నర రెట్లు. నాలుగో ఘాతం వేస్తే 900 దాటుతుంది. అంటే ఒక్కో చదరపు మీటరు దగ్గర బి తొమ్మిది వందల రెట్లు ఎక్కువ కక్కుతోంది, సి కి అంత పెద్ద ఒళ్ళున్నా మొత్తం మీద సగమే తూగుతుంది. కొలిమిలో ఎర్రగా కాలిన దూలం, పక్కన వెల్డింగ్ రాడ్డు మొన, ఈ రెండింట్లో కళ్ళకి ఏది కొడుతుందో నీకే తెలుసు.

కానీ సగమే తేడా అయితే మాగ్నిట్యూడ్లో 1.7 ఎందుకొచ్చింది, అది దాదాపు అయిదు రెట్లు కదా అని అడగాలి నువ్వు. అడగలేదు, నేనే చెప్తాను. 3,100 కెల్విన్‌ల దగ్గర వచ్చే వెలుగులో ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి పనికిరాదు. అందుకే కంటి లెక్కలో సి ఇంకా వెనకబడింది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే వరస తిరగబడుతుంది, రెడ్ డ్వార్ఫే ముందుంటుంది.

చచ్చిన నక్షత్రం అంటాం గానీ దాని లోపల మంట ఆగిపోయిందనే అర్థం, చల్లబడిందని కాదు. కొత్తగా వేడి పుట్టదు, ఉన్న వేడిని ఖర్చు పెట్టుకుంటూ పోతుంది. పైగా భూమి అంత ఒంట్లోంచి బయటికి పోవాలి కాబట్టి ఆ ఖర్చు చాలా నిదానం. బి ఈ స్థితికి వచ్చి 12 కోట్ల సంవత్సరాలు అయి ఉంటుందని అంచనా, ఇంకా 17,000 దగ్గరే ఉంది.

ఇక కలిసి పుట్టి ఒకటి ముందు పోవడం. ఇప్పటి బరువులు చూసి మోసపోవద్దు. బి ఇప్పుడు సూర్యుడిలో 0.57 వంతు, ఎ 0.8 కి అటూ ఇటూ, సి 0.2. పుట్టినప్పుడు ముగ్గురిలో పెద్దది బి, సూర్యుడికి రెండింతలకి కాస్త తక్కువ బరువు ఉండి ఉంటుంది. బరువు ఎక్కువున్న నక్షత్రం లోపల ఒత్తిడి, వేడి ఎక్కువ, హైడ్రోజన్‌ని దుబారాగా తగలేస్తుంది. నూటయాభై, రెండొందల కోట్ల ఏళ్ళలో దాని పని అయిపోయింది, ఉబ్బి రెడ్ జెయింట్ అయి పైపొరలన్నీ ఊదేసుకుంది, సగానికి పైగా బరువు అలా గాల్లో కలిసిపోయింది, మిగిలిన బొగ్గు ముద్ద ఇది (నిజంగానే కార్బన్, ఆక్సిజన్). చెంచాడు తీస్తే సగటున టన్నున్నర దాటుతుంది. సి సంగతి వేరు. రెడ్ డ్వార్ఫ్‌లో ఉన్న పదార్థం పైకీ కిందకీ కలియతిరుగుతూ ఉంటుంది, హైడ్రోజన్ మొత్తం వాడుకోగలదు, పైగా పొదుపుగా. దాని ఆయుష్షు లక్ష కోట్ల సంవత్సరాల లెక్కలో ఉంటుంది. విశ్వం వయసే 1,380 కోట్ల సంవత్సరాలు. ఇంతవరకు ఏ ఒక్క రెడ్ డ్వార్ఫూ ముసలితనంతో పోయే సమయం రాలేదు.

చుక్కలపిచ్చి:

మాస్టారూ, దండం. 900 ఒకవైపు, 400 ఒకవైపు వేసి చూపించాక ఇంక అడగడానికేం లేదు. బార్లో ఆర్డర్ పెట్టాను. డాబ్ అన్నా, కాలిమేషన్ కొన్నాక ఒక్కసారీ ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఏమైపోతుందో అని భయం.

అయితే 0.57 అని అంత కచ్చితంగా ఎలా చెప్పారు? తక్కెడలో పెట్టి తూచారా?

అనంతపురం_డాబ్:

భయం దేనికి, మూడు స్క్రూలు, అంతే. ముందు ఒక నక్షత్రాన్ని కాస్త ఫోకస్ తప్పించి చూడు, వలయాలు ఒకే కేంద్రం చుట్టూ గుండ్రంగా ఉంటే స్క్రూల జోలికే పోనక్కర్లేదు.

వర్ణపటం:

తూచారనే అనుకోండి. బి, సి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి, అదే తక్కెడ. ఖగోళ శాస్త్రజ్ఞుడు హెర్షెల్ 1783 జనవరి 31న ఎ పక్కన ఈ మసక చుక్కని చూశాడు, బి, సి జంట కొలతలు 1851 నుంచి ఉన్నాయి. ఒక చుట్టు తిరగడానికి 230 సంవత్సరాలు పడుతుంది, అంటే కొలవడం మొదలెట్టాక ఇంకా ఒక్క చుట్టూ పూర్తవలేదు. దూరం 16.3 కాంతి సంవత్సరాలే కాబట్టి ఆకాశంలో కనిపించే కక్ష్యని కిలోమీటర్లలోకి మార్చుకోవచ్చు, కక్ష్య సైజు, కాలం తెలిస్తే బరువు కెప్లర్ సూత్రం ఇచ్చేస్తుంది.

ఇందులో ఒక పేచీ చాలాకాలం నడిచింది. పాత కక్ష్య లెక్కలో చుట్టుకి 252 సంవత్సరాలు వచ్చేది, దాంతో బి బరువు 0.5 దగ్గరే తేలేది. అది నిజమైతే పెద్ద చిక్కే, ఎందుకంటే అంత తేలికైన వైట్ డ్వార్ఫ్‌ని ఒంటరిగా తయారుచేయగల నక్షత్రం విశ్వం వయసంతా బతికినా ఇంకా ముసలిది కాదు. ఇంకో పద్ధతిలో మాత్రం 0.57 వచ్చేది. 2017లో అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ వాళ్ళు కొత్త కొలతలు కలిపి కక్ష్య మళ్ళీ గీశారు, 230 సంవత్సరాలు, 0.573. పేచీ తీరింది. వందేళ్ళకి పైగా ఎవరో ఒకరు ఓపిగ్గా ఈ రెండు చుక్కల మధ్య దూరం కొలిచి రాసిపెట్టారు కాబట్టి తీరింది, ఏ కంప్యూటరూ ఆ పాత కొలతల్ని ఇప్పుడు పుట్టించలేదు.

ఆ ఇంకో పద్ధతే నాకు మరీ ఇష్టం. వైట్ డ్వార్ఫ్ గురుత్వాకర్షణ ఎంత గట్టిదంటే అందులోంచి పైకి ఎక్కి వచ్చే వెలుగు శక్తి కోల్పోతుంది, వర్ణపటంలో (వెలుగుని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో) గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. ఐన్‌స్టీన్ చెప్పిందే. చిక్కేంటంటే నక్షత్రం మన నుంచి దూరంగా పోతున్నా గీతలు అలాగే జరుగుతాయి, ఒంటరి వైట్ డ్వార్ఫ్ అయితే ఏది ఎంతో విడదీయలేం. ఇక్కడ పక్కన రెడ్ డ్వార్ఫ్ ఉంది, దాని దగ్గర ఈ గురుత్వ ప్రభావం, గీతలు జరిగినదాన్ని వేగంగా మార్చి చెప్తే, సెకనుకి ఒక కిలోమీటరు కూడా రాదు. కాబట్టి జంట మొత్తం ఎంత వేగంతో కదులుతోందో పక్కవాళ్ళ నుంచి తెలుసుకుని బి లోంచి తీసేస్తే మిగిలేది గురుత్వాకర్షణ వాటా. 1954లో డేనియల్ పాపర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈ నక్షత్రం మీదే చేశాడు, సెకనుకి 21 కిలోమీటర్లు వచ్చింది. ఇప్పటి కొలతల్లో 26 ప్రాంతం. సిరియస్ బి మీద 1925లోనే కొలిచామన్నారు గానీ అందులో సిరియస్ వెలుగు కలిసిపోయింది, ఆ అంకె నిలబడలేదు. నమ్మదగ్గ మొదటి కొలత మీ టెలిస్కోప్‌లో కనబడ్డ ఆ తెల్ల చుక్కదే.

అసలు వైట్ డ్వార్ఫ్‌లు ఉన్నాయని మొదట అనుమానం వచ్చిందీ దీని దగ్గరే. 1910లో హెన్రీ నారిస్ రస్సెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు హార్వర్డ్ అబ్జర్వేటరీకి వెళ్ళి, మసక నక్షత్రాలన్నీ ఎర్రవే అయి ఉండాలి, 40 ఎరిడాని బి వర్ణపటం ఏ తరగతో చెప్పండి అని అక్కడి డైరెక్టర్ పికరింగ్‌ని అడిగాడు. పికరింగ్ ఆఫీసుకి ఫోన్ కొట్టాడు, అక్కడ పనిచేసే విలియమినా ఫ్లెమింగ్ ఫోటో ప్లేట్లు వెతికి ‘ఎ’ తరగతి అని చెప్పింది, అంటే తెల్లది, వేడిది. అంత వేడిగా ఉండి అంత మసక అంటే సైజు ఎంత చిన్నదై ఉండాలి? రస్సెల్‌కి అప్పటికి జవాబు లేదు. ఇలాంటి తేడాలే విషయాన్ని ముందుకు నడిపిస్తాయి అన్నట్టు పికరింగ్ నవ్వి ఊరుకున్నాడట.

రాత్రిషిఫ్ట్:

అంతా బానే ఉంది, పేలుతుందా లేదా అని అడిగిన దానికి ఎవరూ చెప్పలేదు. ఇటు నేను కూడా టెన్షన్‌గా వెయిటింగ్.

లెక్కల_మాస్టారు:

పేలదు. పడుకో.

వివరంగా కావాలంటే, బి, సి మధ్య దూరం సగటున భూమి సూర్యుల మధ్య దూరానికి 35 రెట్లు, సూర్యుడికీ నెప్ట్యూన్‌కీ మధ్య ఉన్నదాని కంటే ఎక్కువ. దగ్గరికొచ్చినప్పుడు కూడా సుమారు 20 రెట్లు ఉంటుంది. ఇంత దూరం నుంచి వైట్ డ్వార్ఫ్ ఆ రెడ్ డ్వార్ఫ్ ఒంటి మీద గ్యాస్‌ని లాక్కోలేదు.

నువ్వు చదివింది ఇంకో రకం జంటల గురించి. మొదట్లోనే రెండూ దగ్గరగా ఉంటే, పెద్దది ఉబ్బినప్పుడు చిన్నది దాని పొరల్లోనే మునిగిపోయి, ఆ గ్యాస్‌లో తిరుగుతూ వేగం పోగొట్టుకుని లోపలికి జారుతుంది. పొరలు ఎగిరిపోయాక చూస్తే వైట్ డ్వార్ఫ్, రెడ్ డ్వార్ఫ్ గంటల్లో ఒక చుట్టు తిరిగేంత దగ్గరగా తేలతాయి. అప్పుడు లాగుడు మొదలవుతుంది. మిథునంలో యు జెమినోరం అలాంటిదే, ఒక చుట్టు నాలుగు గంటల పైచిలుకు, వచ్చిపడే గ్యాస్ పళ్ళెంలా చేరి ఉండుండి భగ్గుమంటుంది. 1855లోనే కనిపెట్టారు.

ఏఆర్_స్కార్పీ_అభిమాని:

మాస్టారు ఇక్కడిదాకా వచ్చి అసలైనదాన్ని వదిలేశారు. ఏఆర్ స్కార్పీ! అనూరాధకీ జ్యేష్ఠకీ మధ్యలో, ఎం80 అనే నక్షత్రాల గుత్తికి తూర్పుగా ఒక డిగ్రీ దూరంలో ఉంటుంది. దూరం 380 కాంతి సంవత్సరాలు. అక్కడా ఇదే జోడీ, వైట్ డ్వార్ఫ్, రెడ్ డ్వార్ఫ్, చుట్టుకి 3.56 గంటలు. కానీ అక్కడ గ్యాస్ లాగుడు లేదు. వైట్ డ్వార్ఫ్ రెండు నిమిషాల లోపే ఒకసారి గిర్రున తిరుగుతుంది, దాని అయస్కాంత క్షేత్రం భయంకరమైనది, తిరిగిన ప్రతిసారీ రెడ్ డ్వార్ఫ్‌ని కొరడాతో కొట్టినట్టు కొడుతుంది, ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగానికి చేరి వెలుగు చిమ్ముతాయి. మొత్తం జంట రెండు నిమిషాలకోసారి మినుకుతుంది, కంటికి కనిపించే వెలుగు నుంచి రేడియో దాకా. ఒక్కోసారి అర నిమిషంలో నాలుగు రెట్లు పెరుగుతుంది.

1970లలో దీన్ని మామూలు చరతార (వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రం) అని జాబితాలో రాసేసి నలభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 2015లో యూరప్‌లో కొందరు అమెచ్యూర్లు, మీలాంటి వాళ్ళే, దీని వెలుగు తీరు తేడాగా ఉందే అని పట్టుకున్నారు. తర్వాత వారిక్ యూనివర్సిటీ బృందం పెద్ద టెలిస్కోప్‌లు పెట్టి చూసి 2016లో నేచర్ పత్రికలో రాసింది. పల్సర్ (తిరుగుతూ క్రమం తప్పకుండా మినుకే నక్షత్రం) అంటే న్యూట్రాన్ స్టారే, అంటే వైట్ డ్వార్ఫ్ కంటే ఇంకా కుదించుకుపోయిన ముద్దే, అనుకునేవాళ్ళం, వైట్ డ్వార్ఫ్ కూడా అలా ప్రవర్తిస్తుందని అప్పుడు తేలింది. 2023లో ఇంకోటి దొరికింది. మీ 130 ఎంఎంకి మాత్రం ఏఆర్ స్కార్పీ అందదు, మాగ్నిట్యూడ్ 15 ప్రాంతం.

రాత్రిషిఫ్ట్:

సరే అర్థమైంది. కానీ అక్కడ గ్రహం ఏదో దొరికిందన్నారు కదా, 40 ఎరిడాని చుట్టూ? అది ఏ నక్షత్రం చుట్టూ తిరుగుతోంది, ఈ బొగ్గు ముద్ద చుట్టూనా?

వర్ణపటం:

కాదు, ఎ చుట్టూ అన్నారు. 2018లో, 42 రోజుల కక్ష్య అని. ఎ తన చుట్టూ తాను తిరిగే కాలం కూడా ఇంచుమించు అంతే ఉండటంతో మొదటి నుంచీ అనుమానం ఉంది. 2024లో ఇంకా మెరుగైన పరికరంతో చూసి, అది గ్రహం కాదు, నక్షత్రం ఉపరితలం మీద జరిగే అలజడి అని తేల్చారు. బి, సి ల దగ్గర ఇంతవరకు ఏమీ దొరకలేదు. సి ఫ్లేర్ స్టార్ కూడా, డీవై ఎరిడాని అని వేరే పేరుంది, ఉన్నట్టుండి కాసేపు వెలుగు పెరుగుతుంది. కాబట్టి చుక్కలపిచ్చి గారూ, బార్లో వచ్చాక సి మరీ సులువుగా కనబడితే టైం రాసిపెట్టుకోండి, ఫ్లేర్ అయ్యుండొచ్చు.